తెల్లపులి ఇంటిపేరు రీవా

విజయనగరం పూసపాటి వంశంలో పుట్టిన విజ్జీ పేరు క్రికెట్ తెలిసినవాళ్లకి కొత్త కాదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి ఆయనే కెప్టెన్. బ్యాటు కన్నా తుపాకీయే ఆయనకి బాగా కలిసొచ్చింది. మూడొందలకి పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవాడు. తర్వాతి రోజుల్లో రేడియో వ్యాఖ్యాతగా ఉన్నప్పుడు ఈ గొప్ప విన్న వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, తమ వ్యాఖ్యానం వినిపించి విసుగెత్తించి చంపారేమో అనుకున్నానన్నాడట. అన్నాడో లేదో గానీ, కథ మాత్రం నేటికీ తిరుగుతూనే ఉంది.

సంస్థానాల్లో పులివేట ఆ రోజుల్లో మర్యాదకి కొలమానం. వచ్చిన అతిథికి పులిని చూపించలేని రాజుకి చిన్నతనం. ఈనాడు జూలో బోను ముందు జనం గుమిగూడి చూసే తెల్లపులి కూడా ఆ వేటల్లోంచి వచ్చిందే. విజయనగరం నుంచి కాదు, మధ్య భారతంలోని రీవా నుంచి.

1951 మే నెల. రీవా మహారాజు మార్తాండ్ సింగ్ వేటలో ఒక ఆడపులి, దాని పిల్లలు చిక్కాయి. తల్లినీ, మామూలు రంగు పిల్లల్నీ కాల్చేశారు. తొమ్మిది నెలల తెల్లపిల్లని మాత్రం ప్రాణాలతో పట్టి, గోవింద్‌గఢ్ రాజభవనంలో ఉంచారు. దానికి మోహన్ అని పేరు పెట్టారు. ఆదివారం మాంసం ముట్టకుండా పాలు మాత్రమే తాగేదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పులిని కూడా ఉపవాసం ఉంచడం మనవాళ్లకే చెల్లింది!

రాజుగారికి ఇంకా తెల్లపులులు కావాలి. బేగం అనే మామూలు పులితో మోహన్‌ని జతకట్టించారు. మూడు ఈతల్లో ఒక్క పిల్లా తెల్లగా పుట్టలేదు. అప్పుడు బేగం కూతురు రాధనే, అంటే మోహన్ సొంత కూతురినే, దానితో కలిపారు. 1958లో రాధ నాలుగు పిల్లల్ని పెట్టింది. నాలుగూ తెల్లవే. అక్కడి నుంచి ఇది రాజుగారి సరదా స్థాయి దాటి వ్యాపారమైంది. ఆ పిల్లల్లో ఒకటైన మోహిని 1960లో వాషింగ్టన్ చేరి, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేతుల మీదుగా అక్కడి జూకి వెళ్లింది.

లెక్క తేలికే. తెల్లరంగు రావాలంటే ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందాలి. బేగం దగ్గర అది లేదు, రాధ దగ్గర తండ్రిది ఒకటి ఉంది. 2013లో చైనా శాస్త్రవేత్తలు ఆ మార్పు ఎస్‌ఎల్‌సీ45ఏ2 అనే జన్యువులో ఉందని తేల్చారు. దానివల్ల పసుపు, ఎరుపు రంగులిచ్చే పదార్థం తయారు కాదు, నలుపు మాత్రం నిలుస్తుంది. అందుకే చారలు చెరగవు, కళ్లు నీలంగా ఉంటాయి. బొల్లి, ఆల్బినిజం అనే మాటలు దీనికి పొసగవు. ఇది వేరే జాతీ కాదు, హిమాలయాల్లో మంచుకి తెల్లబడిన పులీ కాదు.

చాలా తెల్లపులులకి మెల్లకన్ను ఉంటుంది. కంటి నుంచి మెదడుకి వెళ్లే నరాలు దారి తప్పడమే కారణం, అది ఆ రంగుతో పాటే వస్తుంది. రక్తసంబంధంలో జతకట్టించడం వల్ల వచ్చే మిగతా లోపాలు దానికి అదనం.

శ్రీకాకుళానికి ఉత్తరాన, రైలెక్కితే ఒక పూటలో చేరే భువనేశ్వర్‌లో మరో శాఖ మొలిచింది. 1980లో అక్కడి నందన్‌కానన్ జూలో దీపక్, గంగ అనే మామూలు రంగు పులులకి తెల్లపిల్లలు పుట్టాయి. ఆ రెండూ తండ్రీకూతుళ్లే. 2000 జూలైలో అక్కడే రక్తంలో పరాన్నజీవి సోకి పదికి పైగా పులులు చనిపోయాయి, వాటిలో ఎక్కువ తెల్లవే.

కంబాలకొండ అడవిని ఆనుకుని 1977లో తెరుచుకున్న విశాఖ ఇందిరాగాంధీ జూ ఉత్తరాంధ్ర పిల్లలకి పులిని చూపించిన చోటు. బొబ్బిలి నుంచో టెక్కలి నుంచో విహారయాత్రకి వచ్చిన పిల్లలకి ముందు కనిపించాల్సింది తెల్లపులే. హైదరాబాద్ నెహ్రూ జూ నుంచి తెచ్చిన కుమారి ఇక్కడ చాలా ఏళ్లు ఉంది. పక్కనే మామూలు పెద్దపులి చెట్టునీడలో పడుకుని ఉన్నా దాని వైపు తల తిప్పేవాళ్లు తక్కువ. ఈ విషయంలో పిల్లల తప్పేమీ లేదు, పెద్దల ఫోన్లు కూడా అటే ఉంటాయి.

అలాంటి మామూలు పులే ఒకటి 2022లో అడవిలోంచి కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు నుంచి అనకాపల్లి దాటి విజయనగరం జిల్లాలోకి నడిచొచ్చింది. అటవీ సిబ్బంది పాదముద్రలు వెతుక్కుంటూ తిరిగారు, ఊళ్లవాళ్లు చీకటి పడకముందే పశువుల్ని ఇళ్లకి తోలుకొచ్చారు.

ఒడిశా సిమిలిపాల్‌లో ఇప్పుడు నల్లపులి వంతు. చారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోవడంతో ఒళ్లంతా నల్లగా కనిపించే పులులు అడవిలోనే ఉన్నాయి. బయటి నుంచి కొత్త రక్తం రాని చిన్న గుంపు కావడం వల్ల ఆ రంగు అక్కడ పెరిగిందని 2021లో భారత శాస్త్రవేత్తలు చూపించారు. వాటిని జనానికి చూపించడానికి బారిపదా దగ్గర సఫారీ కడతామని 2024 జనవరిలో ఒడిశా ప్రభుత్వం ప్రకటించింది.