గడప పోయింది, సందు మిగిలింది

మా వికారాబాద్‌లో డిసెంబరు వచ్చిందంటే అనంతగిరి కొండల చలి ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. మా ఇంట్లోకి దారి కూడా దానికి బాగా తెలుసు. కింద కారు పెట్టే గదికి ఉన్న షట్టర్ సందుల్లోంచి వస్తుంది. రెండేళ్ల కింద ఆ సందులు మూయబోయి ఎంత పని చేసుకున్నామో చెప్పాలి. అంతకుముందు మా పుట్టింటి తలుపు గురించి చెప్పాలి.

నేను పుట్టింది తాండూరులో. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో నిజాం కాలపు రైలు మార్గం వేశారు కదా, ఈ రెండు ఊళ్లూ ఆ దారి మీదివే. తాండూరంటే కందిపప్పు, నాపరాయి. వాడి అవతల కర్ణాటకలో షాబాద్ ఉంది. ఆ ఊరి పేరుతోనే మనం ఈ రాయిని షాబాద్ బండ అంటాం. మీ వంటింటి గట్టు కూడా అదే అయ్యుండొచ్చు.

మా తాతకు తాండూరులో చిన్న కిరాణా కొట్టు ఉండేది. దానికి తలుపు రెక్కలు లేవు. నిలువు చెక్క పలకలు, ఒక్కోదాని మీద సున్నంతో నంబరు. కింద గడపలో, పైన ద్వారబంధంలో గాడి ఉండేది. పొద్దున ఒక్కొక్క పలక తీసి గోడకు ఆనించేవాడు, రాత్రి నంబరు ప్రకారం మళ్లీ దూర్చేవాడు. ఒక నంబరు తప్పితే చివరి పలక పట్టేది కాదు. కొట్టు వెనకే ఇల్లు. ఇంటి గడప జానెడు ఎత్తు. నానమ్మ శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టేది. మాకు అది లక్ష్మీదేవి చోటు. కానీ అదే గడప వాన నీళ్లను, దుమ్మును, తేళ్లను ఆపేది. తలుపు వచ్చి గడపకు ఆనేది కాబట్టి కింద సందు అనే మాటే లేదు.

గోడ పైభాగంలో మాత్రం గవాక్షం ఎప్పుడూ తెరిచే ఉండేది. కట్టెల పొయ్యి పొగ అటే పోయేది. కింద మూత, పైన దారి. ఇది ఎవరూ మాకు పాఠంగా చెప్పలేదు, ఇల్లే అలా ఉండేది.

తర్వాత కొట్లకు ఇనుప షట్టర్లు వచ్చాయి. పలకలు మోసే బాధ పోయింది, ఒక్క గుంజుడుతో కొట్టు తెరుచుకుంది. కార్లు కొన్నాక అదే షట్టర్ ఇళ్లకూ వచ్చింది. అమెరికాలో 1921లోనే సి.జి. జాన్సన్ అనే ఆయన పైకి లేచే తలుపు చేశాడు, 1926లో దాన్ని కరెంటుతో లేపే మోటారు కూడా తెచ్చాడు. చలి దేశాల్లో అలాంటి తలుపుల కింద రబ్బరు పట్టీ మామూలు. మనకు వచ్చింది కొట్టు షట్టర్. అది దొంగను ఆపడానికి చేసింది, గాలిని ఆపడానికి కాదు. కారు ఎక్కాలి కాబట్టి గడప తీసేశాం. పైగా కింద తాండూరు బండ. చెక్కని బండ పైన అలల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది, షట్టర్ అంచు మాత్రం గీత గీసినట్టు సూటిగా ఉంటుంది. ఎగుడు దగ్గర ఆనుతుంది, దిగుడు దగ్గర వేలు దూరేంత సందు మిగులుతుంది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అత్తమ్మ మెట్లు ఎక్కలేకపోయింది. ఆ గదిలోనే మంచం వేశాం. చలికి తట్టుకోలేకపోతోందని నేనే పాత చీరలు చుట్టి కింద కుక్కాను. పక్కలకు స్పాంజి పెట్టాను. పైన షట్టర్ చుట్టుకునే చోట అట్టలు కట్టాను. "ఇప్పుడు వెచ్చగుంది బిడ్డా" అంది. ఆ రాత్రే బొగ్గుల కుంపటి కూడా పెట్టాం.

తెల్లారి లేపితే కళ్లు తెరవలేదు. లేపి కూర్చోబెడితే వాంతి చేసుకుంది. తల పగిలిపోతోందంది. బీపీ అనుకుని, కారు తీయడానికి షట్టర్ ఎత్తాం. బయటి గాలి తగిలాక కాస్త తేరుకుంది. డాక్టరు మొదట అడిగిన మాట, "గదిలో నిప్పు పెట్టారా?"

బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. సందులు మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నడుస్తున్న కారు ఇంజను కూడా అంతే. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు నాకు అనంతగిరి టీబీ దవాఖానా గుర్తొచ్చింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కోకముందు ప్రపంచమంతా టీబీ రోగులకు మంచి గాలినే మందుగా ఇచ్చేవారు. ఆ గాలి కోసమే మా కొండ మీద దవాఖానా కట్టారు. అదే గాలిని నేను శత్రువులా చూశాను.

అత్తమ్మ కోలుకుంది. మంచం లోపలి గదికి మార్చాం. షట్టర్ పని మళ్లీ మొదటి నుంచి చేయించాం. రాత్రి బయట టార్చి పెట్టి లోపలి నుంచి చూస్తే వెలుగు వచ్చే చోటల్లా సందే. షట్టర్ ఆనే చోట మేస్త్రీతో అర అంగుళం ఎత్తు సిమెంటు కట్ట సమంగా పోయించాం, నీళ్లు బయటికి జారేలా వాలు ఇచ్చి. షట్టర్ కింది అంచుకు రబ్బరు పట్టీ బోల్టులతో బిగించారు. పక్క పట్టాలకు బ్రష్ పట్టీలు పెట్టారు. చీరలు తీసేశాను, అవి తడిసి ఇనుముకు తుప్పు పట్టిస్తాయి, ఎలుకలకు గూడవుతాయి. పైన అట్టలు తీసి దోమల జాలీ మాత్రం కట్టించాం. కుంపటి ఇంట్లో ఎక్కడా పెట్టం. అత్తమ్మకు వేడినీళ్ల సంచీ ఇస్తున్నాం.

సిమెంటు ఆరిన శుక్రవారం అత్తమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చింది. ఆ కట్టను చూసి, "గడప ఇంత పొట్టిగనా?" అంది. నవ్వి, పసుపు గిన్నె తెమ్మంది.