స్టీరింగ్ ఎక్కిన స్విచ్చులు

మాది చంద్రపూర్. బల్లార్‌పూర్ పేపరు మిల్లుకూ, బొగ్గు గనులకూ వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు చాలామంది. పక్కనున్న రాజురా అయితే 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. అందుకే నా కార్ల వైరింగ్ షెడ్డులో మరాఠీ, హిందీలతో పాటు తెలుగూ నడుస్తుంది.

అంబాసిడర్, పద్మినీ కార్ల కాలంలో స్టీరింగ్ మీద ఉన్నది హారనొక్కటే. నొక్కితే తీగ ఎర్తుకు తగిలేది, అంతే. ప్రెషర్ హారనో ఫాగ్ లైట్లో కావాలంటే డ్యాష్‌బోర్డు కింద రేకు బిగించి స్విచ్చులు పెట్టేవాళ్లం. 1983లో మారుతి 800 వచ్చాకా అదే తీరు.

స్టీరింగ్ మీదికి పాటల బటన్లు ఎక్కాక పని మారింది. బటన్‌కో తీగ ఉండదు. ఒక్కోదానికి ఒక్కో విలువ రెసిస్టరు పెడతారు. వోల్టేజీని బట్టి ఏది నొక్కారో స్టీరియో పోల్చుకుంటుంది. వాడని బటనొకటి ఉంటే చాలు, దాని వోల్టేజీని చిన్న కంట్రోలరుతో చదివించి రిలే ఆడిస్తాం. తాడోబా అడవి దారిలో ఫాగ్ లైట్లు బొటనవేలితో వెలుగుతాయి. రిలే పెట్టకుండా లోడంతా బటన్ మీదే వేసేవాణ్ణి నేను మేస్త్రీ అనను.

1986లో బాష్ చూపించిన క్యాన్ పద్ధతి, అంటే సంకేతాలు డిజిటల్ సందేశాలుగా వెళ్లే పద్ధతి, మెల్లగా మామూలు కార్లలోకీ దిగింది. అక్కడ మీటరు ఒక్కటే సరిపోదు. పైగా 2019 జులై నుంచి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. దాని తీగా, బటన్ల తీగా స్టీరింగ్ లోపల ఒకే తీగచుట్టలో, అంటే క్లాక్ స్ప్రింగ్‌లో ఉంటాయి. విప్పేముందు, బ్యాగు పేలకుండా, బ్యాటరీ తీసి కాసేపు ఆగాల్సిందే. ఆగమంటే కుర్రాళ్లకు చికాకు. చాయ్ తాగి రండ్రా అంటాను.