కేథరిన్ బూత్

కేథరిన్ బూత్ (జనవరి 17, 1829 - అక్టోబరు 4, 1890) ఇంగ్లండుకు చెందిన క్రైస్తవ బోధకురాలు, రచయిత్రి. భర్త విలియం బూత్‌తో కలిసి సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యం) అనే క్రైస్తవ సంస్థను స్థాపించింది. స్త్రీలు చర్చిలో ప్రసంగించడం తగదని అధిక సంఖ్యాకులు భావిస్తున్న కాలంలో, ఎనిమిదిమంది సంతానాన్ని పెంచుతూనే ఈమె సుమారు ముప్పై సంవత్సరాలు ప్రసంగాలు చేసింది. సంస్థలో ఎటువంటి హోదా లేకపోయినా ఈమెను "సైన్య మాత" అని పిలిచేవారు.

బాల్యం

కేథరిన్ మమ్‌ఫర్డ్ డెర్బీషైర్ లోని ఆష్‌బోర్న్ పట్టణంలో జన్మించింది. తల్లి సారా మెథడిస్టు విశ్వాసం గల స్త్రీ. చిన్నతనంలో వెన్నెముక వ్యాధి వలన కేథరిన్ చాలాకాలం మంచానికే పరిమితమైంది. పాఠశాల చదువు స్వల్పమే. మిగిలిన విద్య అంతా తల్లి వద్దను, స్వయంగా గ్రంథపఠనం వలనను అబ్బింది. మద్యపాన నిషేధోద్యమం పట్ల కూడా ఆసక్తి చూపింది.

వివాహం

మెథడిస్టు బోధకుడైన విలియం బూత్‌తో ఈమె వివాహం 1855 జూన్‌లో జరిగింది. పెండ్లికి పూర్వమే ఇద్దరి మధ్య స్త్రీల స్థానాన్ని గురించి ఉత్తరాలలో వాదోపవాదాలు జరిగాయి. స్త్రీ బుద్ధిబలంలో పురుషునికి తీసిపోదని, తేడా కనిపిస్తే అది చదువు లేకపోవడం వలన వచ్చినదేనని కేథరిన్ వాదించింది. స్త్రీలు ప్రసంగిస్తే తాను అడ్డుపడనని, అయితే ప్రోత్సహించనూ లేనని విలియం అప్పటి అభిప్రాయం.

స్త్రీల పరిచర్యపై రచన

1859లో అమెరికాకు చెందిన ఫీబీ పామర్ అనే బోధకురాలు ఉత్తర ఇంగ్లండులో సభలు జరిపింది. స్త్రీ ప్రసంగించడం లేఖన విరుద్ధమని సండర్లాండుకు చెందిన ఆర్థర్ రీస్ అనే బోధకుడు ఆమెను విమర్శించాడు. దీనికి సమాధానంగా కేథరిన్ ఒక చిన్న పుస్తకం ప్రచురించింది.

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట ఆనాటి సభలలోని ఒక ప్రత్యేకమైన అక్రమానికి సంబంధించినదే గాని, అందరు స్త్రీలకు అన్ని కాలాలకు వర్తించే శాసనం కాదని ఇందులోని ప్రధాన వాదం. అదే లేఖలో స్త్రీలు ప్రార్థించడాన్ని, ప్రవచించడాన్ని పౌలు అంగీకరించినట్లు ఆమె చూపింది. దెబోరా, ఫీబే, ప్రిస్కిల్ల వంటి బైబిలు స్త్రీలను ఉదాహరించింది.

మొదటి ప్రసంగం

పుస్తకం వ్రాసినప్పటికీ కేథరిన్‌కు సభలో మాట్లాడే ధైర్యం వెంటనే కలుగలేదు. 1860 మే 27న, పెంతెకొస్తు పండుగనాడు, గేట్స్‌హెడ్ పట్టణంలోని బెథెస్డా చాపెల్‌లో ఆమె తన నాలుగేళ్ళ పెద్ద కుమారుడు బ్రామ్‌వెల్‌తో కలిసి కూర్చుని ఉంది. నాలుగవ సంతానమైన ఎమ్మాకు అప్పటికి నాలుగు నెలలు నిండి కొద్ది రోజులే అయింది. భర్త ప్రసంగం ముగిస్తుండగా ఆమె లేచి వేదిక వైపు నడిచింది. ఏదో ఇబ్బంది కలిగిందేమోనని విలియం దిగివచ్చి విచారించగా, తాను ఒక మాట చెప్పదలచుకొన్నానని తెలిపింది. ఇంతకాలం దేవుని పిలుపుకు లోబడలేదని ఆమె సభ ముందు ఒప్పుకొంది. ఆ సాయంత్రం ప్రసంగం తన భార్యదేనని విలియం అక్కడే ప్రకటించాడు.

అదే సంవత్సరం విలియం అనారోగ్యంతో కొన్ని వారాలు చికిత్సకు వెళ్ళినప్పుడు అతని ప్రసంగ బాధ్యతలను కేథరిన్ నిర్వహించింది.

సేవ, కుటుంబం

1856 - 1868 మధ్య బూత్ దంపతులకు బ్రామ్‌వెల్, బాలింగ్టన్, కేట్, ఎమ్మా, హెర్బర్ట్, మేరీ, ఈవా, లూసీ అనే ఎనిమిదిమంది పిల్లలు కలిగారు. ఊరూరా సభలు జరపడానికి వీలుగా 1861లో విలియం తన మెథడిస్టు శాఖలోని ఉద్యోగాన్ని విడిచిపెట్టాడు. దానితో స్థిరమైన జీతం పోయింది. దంపతులు ప్రయాణంలో ఉన్నప్పుడు పిల్లలు కొంతకాలం అమ్మమ్మ వద్ద పెరిగారు. ఇంటిలో పనివారి సహాయం ఉండేది. పిల్లల బట్టలు కుట్టడం, వారికి ప్రార్థన నేర్పడం కేథరిన్ స్వయంగా చేసేది.

1865లో ఆమెకు వచ్చిన ప్రసంగ ఆహ్వానమే కుటుంబం లండన్‌కు మారడానికి ఒక కారణం. విలియం తూర్పు లండన్ పేదవాడలలో పనిచేయగా, ఆమె నగరంలోని సంపన్న ప్రాంతాలలో ప్రసంగించి సేవకు ధనం, మద్దతు కూడగట్టింది. ఆమె ప్రసంగాల రాబడి కుటుంబ పోషణకు కూడా తోడ్పడింది.

పిల్లలలో పెక్కుమంది తరువాత ఈ సేవలోనే ప్రవేశించారు. ఎమ్మా 1880లో స్త్రీల శిక్షణాలయానికి అధిపతి కాగా, కేట్ 1881లో ఫ్రాన్సులో సేవ ప్రారంభించింది. అయితే ఇల్లు, సంస్థ ఒకటైపోవడం వలన నష్టం కూడా కలిగింది. తల్లి మరణానంతరం బాలింగ్టన్ (1896), హెర్బర్ట్ (1902), కేట్ (1902) సంస్థను విడిచిపోయారు. తండ్రితో వారి విభేదాలు కుటుంబ విభేదాలుగానే మిగిలాయి.

సాల్వేషన్ ఆర్మీలో స్త్రీల స్థానం

1865లో ప్రారంభమైన క్రిస్టియన్ మిషన్ 1878లో సాల్వేషన్ ఆర్మీగా పేరు మార్చుకొంది. స్త్రీలు ప్రసంగించవచ్చునని, ఏ పదవినైనా చేపట్టవచ్చునని 1870లోనే నిబంధనలలో చేర్చారు. 1885లో బాలికల సమ్మతి వయస్సును 13 నుండి 16 సంవత్సరాలకు పెంచిన చట్టం కోసం కేథరిన్ గట్టిగా ప్రచారం చేసింది. ఏడుగురు బిడ్డల తల్లి అయిన పెద్ద కోడలు ఫ్లారెన్స్ నిరాశ్రయ స్త్రీల రక్షణ గృహాలను నిర్వహించింది.

నిబంధనకు, ఆచరణకు మధ్య మాత్రం దూరం ఉండేది. వివాహిత అధికారిణి హోదా చాలాకాలం భర్త హోదాను బట్టి నిర్ణయమయ్యేది. 1995లో గాని వివాహిత స్త్రీలకు స్వంత హోదా లభించలేదు. సంస్థ అత్యున్నత పదవి అయిన జనరల్ పదవికి 1934లో ఈవాంజలిన్ బూత్ (కేథరిన్ కుమార్తె ఈవా), 1986లో ఈవా బరోస్, 2011లో లిండా బాండ్ ఎన్నికయ్యారు. ఈ ముగ్గురూ అవివాహితలే. ఆ పదవి నిర్వహించిన పురుషులు వివాహితులు. సంసారంతోపాటు నాయకత్వం వహించిన స్త్రీ ప్రారంభించిన సంస్థలో ఇది గమనించదగిన విషయం.

భారతదేశంతో సంబంధం

కేథరిన్ భారతదేశానికి రాలేదు. ఆమె కుమార్తె ఎమ్మా 1888లో ఫ్రెడరిక్ టక్కర్‌ను వివాహమాడి భర్తతో ఇక్కడికి వచ్చింది. టక్కర్ పూర్వం భారతదేశంలో బ్రిటిషు ప్రభుత్వోద్యోగి. 1882లో బొంబాయిలో ఈ సంస్థను ప్రారంభించినది ఇతడే. వివాహానంతరం బూత్-టక్కర్ అని పేరు మార్చుకొన్నాడు. ఎమ్మా 1903లో అమెరికాలో రైలు ప్రమాదంలో మరణించింది.

ఆంధ్రదేశంలో ఈ సంస్థకు బాపట్ల ప్రధాన కేంద్రం. నేరస్థ తెగల చట్టం కింద గుర్తించిన ఎరుకల కుటుంబాల కోసం 1910ల దశకంలో ఏర్పడిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు నిర్వహణను ప్రభుత్వం ఈ సంస్థకే అప్పగించింది. నిడుబ్రోలులోని ఆసుపత్రికి, బాపట్లలోని కుష్టు ఆసుపత్రికి ఈవాంజలిన్ బూత్ పేరు పెట్టారు. తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో కేథరిన్ బూత్ పేరిట ఆసుపత్రి ఉంది.

మరణం

1888లో కేథరిన్‌కు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు తెలిసింది. 1890 అక్టోబరు 4న క్లాక్టన్‌లో, 61వ ఏట మరణించింది. లండన్‌లోని అబ్నీ పార్క్ శ్మశానవాటికలో ఆమెను సమాధి చేశారు.