మాంచెస్టరు నగరము

పారిసునందు రాజభవనములు కలవు. వెనిసునందు జలవీథులు కలవు. మాంచెస్టరునం దొకప్పు డేమి యుండెను? పొగగొట్టములు, నూలుమిల్లులు, వానకు తడిసిన యిటుకగోడలు. కావున యాత్రికు లానగరమును చిన్నచూపు చూచిరన్న వింత గాదు. అయినను నగరముల గొప్పతనమును మేడలతోడనే కొలువవచ్చునా?

1819లో ఓటుహక్కు గోరి సెయింటు పీటరు మైదానమున గుమిగూడిన నిరాయుధులపై గుఱ్ఱపుదళములు కత్తులు దూసినవి. ఆ నగరమే 1852లో సామాన్యజనులకు ఉచిత గ్రంథాలయమును తెఱచెను.

1861లో అమెరికాయందు అంతర్యుద్ధము మొదలయ్యెను. ఉత్తరరాష్ట్రముల నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధించుటచే ప్రత్తి రాక మిల్లులు మూతపడినవి, కూలివారు పస్తులుండిరి. ఆ ప్రత్తి బానిసలు పండించినదని వా రెఱుగుదురు. 1862 డిసెంబరు 31వ తేదీన వారు సభ చేరి, బానిసత్వమును రూపుమాపవలసినదని లింకనునకు విన్నపము పంపిరి. 1863 జనవరిలో లింకను వారి త్యాగమును కొనియాడుచు ప్రత్యుత్తరము వ్రాసెను.

ఆ నగరపు మిల్లుబట్ట మన చేనేతవారి మగ్గములను మూలబెట్టించిన మాట మేము మఱవలేదు. అది యజమానుల లాభమునకై పరరాజ్యపు దన్నుతో జరిగిన హాని. ఆకలిగొనియు న్యాయమును విడువని కూలివారి ఘనత దానిచే మాసిపోదు.

కావున ఏ మిల్లుల పట్టణమును చూచినను, అందలి భవనములను లెక్కింపకుడు. అందు పేదలకు గ్రంథాలయము కలదా, కూలివారు సభ చేరి తమ మాట చెప్పుకొనగలరా యని విచారింపుడు.