కాసులపేరు కరిగించే ముందు...

అమ్మమ్మ కాసులపేరు ఇచ్చేసి కొత్త మోడల్ నెక్లెస్ తీసుకుందామని మా ఇంట్లో చర్చ. ముందు భూతద్దం తెమ్మన్నాను నేను.

చాలా కాసులపేర్లలో ఉండేవి లక్ష్మీదేవి అచ్చు పడిన పల్చటి బిళ్ళలే. కొన్నింట్లో మాత్రం అసలు బ్రిటిష్ సవరిన్లు ఉంటాయి: 22 క్యారెట్లు, 7.98 గ్రాములు, వ్యాసం 22 మిల్లీమీటర్లు. పైన రింగు అతికించాక బరువు తేడా వస్తుంది కాబట్టి వ్యాసం కొలవాలి.

ఒకవైపు అయిదో జార్జి తల, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్‌ని చంపే వీరుడు, కింద 1918, దానిపైన చిన్న ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరం... ఇవన్నీ ఉంటే అది బొంబాయి నాణెం. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1918 సంవత్సరంతో మాత్రమే అక్కడ సవరిన్లు కొట్టారు.

అతుకు పడిన నాణేనికి కలెక్టర్లు ఎక్కువ ఇవ్వరు, నిజమే. షాపువాడు తరుగు తీసేసి గ్రాముల లెక్కే కడతాడు. కానీ కరిగించేశాక ఆ 1918 ఏ బ్యాకప్‌లోనూ దొరకదు కదండీ!