నచ్చితేనే వెల పంపండి

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శిగారు అడిగినప్పుడు మాకు కొంచెం బెరుకు కలిగింది. రాజుల చరిత్ర, కవుల చరిత్ర పెద్దలు ఏటేటా వ్రాస్తూనే ఉన్నారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవాళ్ళం. చదువు మెట్రిక్కుతోనే ఆగింది. కనుక మాకు తోచిన చరిత్ర ప్రొద్దుటినుంచి సాయంత్రం దాకా మా బల్లమీద ఉండే కంప్యూటరుదే. అందులోనూ పెద్ద కంపెనీల కథ కాదు. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు వ్రాసి, వాటిని ముక్కూ మొహం తెలియనివారి చేతిలో పెట్టిన కొందరి కథ.

దీనిమీద మాకు ఆసక్తి కలగడానికి ఒక కారణం ఉన్నది. మా పదిహేనో ఏట బజారులో ముప్పై రూపాయలకు ఒక సీడీ కొన్నాం. అందులో బోలెడు ప్రోగ్రాములున్నవి. వాటిలో ఒకదానిని తెరిచినప్పుడల్లా ఒక విన్నపం కనిపించేది: ఇది వాడి చూచుకోవడానికి ఇచ్చినది, నచ్చితే వెల పంపి పేరు నమోదు చేయించుకోండి అని. మేము మీట నొక్కి దాన్ని దాటివేసేవాళ్ళం. అట్లా ఏళ్ళ తరబడి దాటివేశాం. ఆ అడిగేది ఎవరో, ఎందుకు అంత మర్యాదగా అడుగుతున్నారో తెలుసుకోవాలని అప్పట్లో తోచలేదు.

అసలు కథ 1975 జనవరిలో మొదలయింది. అమెరికాలో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ అనే పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే యంత్రాన్ని వేసింది. ఆల్బుకెర్కీ నగరంలోని చిన్న కంపెనీ ఒకటి దానిని విడి భాగాలుగా సుమారు 400 డాలర్లకు అమ్మింది. కొన్నవారే ఇంట్లో బిగించుకోవాలి. దానికి అక్షరాల మీటలు లేవు, తెర లేదు. ముందువైపు చిన్న స్విచ్చులు, దీపాలు మాత్రమే. జ్ఞాపకశక్తి 256 బైట్లు, అనగా 256 ఇంగ్లీషు అక్షరాలు పట్టేటంత. ఒక పోస్టుకార్డు నింపడానికైనా చాలదు. అయినా జనం ఎగబడి కొన్నారు.

యంత్రం ఉంటే చాలదు, దానితో మాట్లాడడానికి భాష కావాలి. బిల్ గేట్స్, పాల్ ఆలెన్ అనే యువకులిద్దరు ఆ యంత్రానికి బేసిక్ అనే భాషను తయారుచేశారు. అది కాగితపు పట్టీమీద రంధ్రాల రూపంలో వచ్చేది. కాలిఫోర్నియాలోని కంప్యూటరు ఔత్సాహికులు ఆ పట్టీకి నకళ్ళు తీసి ఒకరికొకరు పంచుకున్నారు. 1976 ఫిబ్రవరి 3న గేట్స్ వారికి బహిరంగ లేఖ వ్రాశారు. యంత్రం కొన్నవారిలో పదిమందికి ఒకరైనా బేసిక్ కొనలేదనీ, తమకు కంప్యూటరు కాలం ఖర్చే 40,000 డాలర్లు మించిందనీ, వచ్చిన ఆదాయం లెక్కవేస్తే గంటకు 2 డాలర్లు కూడా గిట్టలేదనీ, ఇది దొంగతనమనీ అందులో నిష్ఠూరమాడారు.

ఆయన బాధ అబద్ధం కాదు. కాని అదే రోజుల్లో మరి కొందరు వేరే త్రోవ తొక్కారు. మెన్లో పార్కులో పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ అని ఒక పత్రిక ఉండేది. అందులో డెనిస్ ఆలిసన్ చిన్న బేసిక్ ఒకటి ఎట్లా కట్టుకోవాలో ప్రణాళిక వేసి చూపారు. పాఠకులు ఎవరికి వారు వ్రాసుకున్నారు. టామ్ పిట్మన్ తాను వ్రాసినదానిని కేవలం 5 డాలర్లకు తపాలాలో అమ్మారు. వెల అంత తక్కువైతే నకలు తీసే శ్రమకంటే కొనడమే సులువని ఆయన ఆలోచన. లీ-చెన్ వాంగ్ తన ప్రోగ్రాము నెత్తిన, సర్వ హక్కులూ మావి అని వేయవలసిన చోట, సర్వ తప్పులూ మావి అని వేళాకోళంగా వ్రాసి ఊరికే పంచిపెట్టారు.

1977లో ఆపిల్ 2, టీఆర్ఎస్-80, కమొడోర్ పెట్ అనే మూడు యంత్రాలు బిగింపు పని లేకుండా తయారుగా అంగళ్ళలోకి వచ్చినవి. దానితో ఇల్లే కార్ఖానా అయింది. 1980లో రాబర్టా విలియమ్స్ అనే గృహిణి వంటింటి బల్లమీద ఒక ఆట కథ అల్లితే, భర్త కెన్ దానిని ప్రోగ్రాముగా వ్రాశారు. ‘మిస్టరీ హౌస్’ అనే ఆ ఆట డిస్కులను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి అమ్మారు. ఆ ఇంటి వ్యాపారమే తరువాత పెద్ద కంపెనీ అయింది. కాని అందరికీ అంగడివారి ఆదరం దొరకదు గదా! ప్రకటనకు డబ్బు లేనివాడు ఏమి చేయాలి?

దీనికి జవాబు 1982లో దొరికింది. ఆండ్రూ ఫ్లూగెల్మన్ కాలిఫోర్నియాలో పుస్తక ప్రచురణకర్త. టెలిఫోను తీగద్వారా ఒక కంప్యూటరునుంచి మరొకదానికి వ్రాతలు పంపడానికి పీసీ-టాక్ అనే ప్రోగ్రాము వ్రాసుకున్నారు. దానిని అమ్మడానికి మనసొప్పలేదు. అక్కడి టెలివిజను కేంద్రాలు కొన్ని ప్రేక్షకుల చందాల సాయంతో నడుస్తాయి. ఆ పద్ధతే ఆయన పట్టుకున్నారు. ఖాళీ డిస్కు, తపాలా బిళ్ళ అంటించిన కవరు పంపితే చాలు, ప్రోగ్రాము ఎక్కించి తిప్పి పంపుతాను. నచ్చితే 25 డాలర్లు పంపండి. మీ స్నేహితులకు నకళ్ళు ఇవ్వండి అన్నారు.

అదే సమయంలో వాషింగ్టన్ రాష్ట్రంలో జిమ్ నాఫ్ అనే ఐబీఎం ఉద్యోగి, తమ చర్చి సభ్యుల చిరునామా చీటీలు అచ్చువేయడానికి ఒక ప్రోగ్రాము వ్రాశారు. మిత్రులు అడిగితే ఇచ్చారు. వారి మిత్రులు వారిని అడిగారు. మార్పులు చేసినప్పుడల్లా అందరికీ పంపడం భారమైంది. చివరకు ప్రోగ్రాములోనే 10 డాలర్ల విన్నపం పెట్టారు. ఇద్దరి ప్రోగ్రాములూ వాడిన ఒకాయన ఈ పోలిక గమనించి వారికి తెలియజేశాడు. పోటీ పడవలసిన ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుని ఒకరి ప్రోగ్రామును మరొకరు సిఫారసు చేయసాగారు. నాఫ్ తన ప్రోగ్రాము పేరు పీసీ-ఫైల్ అని మార్చి, వెల కూడా 25 డాలర్లే పెట్టారు. ఒక పత్రికలో మెప్పుదల పడేసరికి ఉత్తరాలు వెల్లువగా వచ్చినవి. కొంతకాలానికి ఆయన ఉద్యోగం మానివేసి ఇదే వృత్తిగా పెట్టుకున్నారు.

మూడవవారు బాబ్ వాలెస్. విచిత్రమేమంటే ఈయన గేట్స్‌గారి కంపెనీ తొలి ఉద్యోగులలో ఒకరు! 1983లో అక్కడినుంచి బయటికి వచ్చి, పీసీ-రైట్ అనే వ్రాత ప్రోగ్రామును తెచ్చారు. డిస్కు 10 డాలర్లు. పేరు నమోదుకు 75. నమోదు చేసుకున్నవారికి అచ్చుపుస్తకం, ఫోనులో సహాయం. ఇంకొక మెలిక కూడా పెట్టారు. మీ నకలు చూచి మరొకరు నమోదు చేయించుకుంటే మీకు 25 డాలర్లు. దొంగ అనిపించుకున్న నకలుదారే ఆయనకు ఏజంటయినాడు. ఈ పద్ధతికి స్థిరపడిన షేర్‌వేర్ అనే పేరు ఈయన వాడినదే. ఫ్లూగెల్మన్ వాడిన మాట ఆయన స్వంత వ్యాపార చిహ్నంగా నమోదైంది గనుక వేరే పేరు కావలసి వచ్చింది. ఫ్లూగెల్మన్ 1985 జూలైలో కనిపించకుండా పోయారు. ఆయన కారు మాత్రం గోల్డెన్ గేట్ వంతెన దగ్గర దొరికింది.

వాడినవారందరూ డబ్బు పంపారా? లేదు. చాలామంది పంపలేదు. అయినా ప్రకటన ఖర్చు లేదు, అంగడి కమీషను లేదు గనుక పంపిన కొద్దిమందివల్లనే పని నడిచింది.

ఇందులో మనకు తెలియని కొత్త ఏమున్నది? మన తాతలు పొట్ట చేతబట్టుకుని ఈ ఒడియా గడ్డకు వచ్చి, చందాలెత్తి ఈ సంఘం హాలు కట్టారు. చందా కట్టనివాడు కూడా ఉగాదినాడు వచ్చి పచ్చడి తింటాడు, ఎవరూ వెళ్ళగొట్టరు. కాని కట్టేవారు కొందరు ఉండబట్టే హాలు నిలిచింది. మన లిపికి కూడా ఇట్టి ఉపకారులున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే తెలుగు అక్షరరూపాలను కంప్యూటరుకు తయారుచేసి ఉచితంగానే ఇచ్చారు. వాటితో అచ్చయిన ఆహ్వానాలు చూచి ఆనందించిన మనలో ఎందరం ఆయన పేరు తలచుకున్నాం?

నిరుడు మా పాత బాకీ తీర్చుకుందామని ఆ విన్నపం పెట్టినవారి కోసం వెతికాం. ఆ ప్రోగ్రాము అమ్మకం ఎప్పుడో ఆగిపోయింది. చిరునామాకు వ్రాస్తే ఉత్తరం తిరిగి వచ్చింది. ఇవ్వడానికి చేతిలో డబ్బు ఉన్నది, పుచ్చుకునే మనిషి లేడు. ఆ మొత్తాన్ని సంఘం గ్రంథాలయానికి జమకట్టాం గాని, అది వారి బాకీ తీర్చినట్లు కాదని మాకు తెలుసు. కాబట్టి మన పిల్లలకు చెప్పేది ఒక్కటే. ఎవరైనా నమ్మి మీ చేతిలో వస్తువు పెట్టి, నచ్చితే ఇవ్వండి అంటే, వారు ఉండగానే ఇవ్వండి.