గుండె పొరలో నీరు: అనంతగిరి నుంచి సైబరాబాద్ దాకా

గుండెను చుట్టి ఉండే రెండు పొరల సంచిని వైద్యులు పెరికార్డియం అంటారు. తెలుగు వైద్యరచనల్లో దానికి హృదయావరణం అని పేరు. ఆ పొరల మధ్య మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉండి, కొట్టుకునే గుండెకు రాపిడి తగలకుండా కాపాడుతుంది. పొర వాచి ద్రవం పెరిగితే జనం 'గుండెకు నీరు పట్టింది' అంటారు. ఆ నీరు గుండెను నొక్కి రక్తంతో నిండనివ్వని స్థితి టాంపొనేడ్ కాగా, పొర మందమై గుండెను బిగించే స్థితి కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్. భారతదేశంలో పొర ఇలా బిగుసుకుపోవడానికి ప్రధాన కారణం క్షయ కనుక, హైదరాబాద్ పడమటి ప్రాంతంలో ఈ జబ్బు చరిత్రను క్షయ ఆసుపత్రుల చరిత్ర నుంచి విడదీయలేము.

గాలి, వెలుతురు, విశ్రాంతి తప్ప క్షయకు వేరే మందు లేని నిజాం కాలంలో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మీద శానిటోరియం వెలసింది. తరువాత ఎర్రగడ్డలో, నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రంనుమా భవనం క్షయరోగుల ఆసుపత్రిగా మారి, నేడు ఛాతీ ఆసుపత్రిగా ప్రసిద్ధికెక్కింది.

గుండె పొరలో చేరిన నీటిని పసిగట్టడానికి అప్పట్లో వైద్యుని వేళ్లే సాధనం. ఛాతీని తట్టి చూసే పద్ధతిని 1761లో వియన్నా వైద్యుడు ఆవెన్‌బ్రుగర్ ప్రకటించాడు. ఛాతీకి ఆనించిన వేలిని మరో వేలితో తట్టుతూ, కుండలో నీటిమట్టాన్ని పోల్చుకున్నట్లు, మొద్దు శబ్దం ఎంతమేర వ్యాపించిందో గుర్తించేవారు. ఈ జబ్బులో ఊపిరి పీల్చినప్పుడు నాడి సన్నగిల్లడాన్ని 1873లో జర్మన్ వైద్యుడు కుస్మాల్ వర్ణించగా, బిగిసిన పొరను కోసి తీసే శస్త్రచికిత్స 1913 నాటికే జర్మనీలో జరిగింది. 1952లో ఐసోనియాజిడ్ అనే మందు రావడంతో క్షయ మందులకు లొంగే జబ్బయింది.

ధ్వని తరంగాలతో గుండెను చూసే ఎకో పరీక్షకు 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ నాంది పలికారు. 1998లో ఐటీ సంస్థల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక సైబరాబాద్‌గా పేరొందిన ఈ పడమటి ప్రాంతంలో, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో వెలసిన పెద్ద ఆసుపత్రుల్లో వేలితో తట్టే పని ఇప్పుడు ఎకో యంత్రానిదే. కదిలే గుండె చుట్టూ నల్లని పట్టీలా కనిపించేదే ఆ నీరు. అవసరమైతే సూదితో దాన్ని తోడి, పరీక్షకు పంపుతారు. అయితే నీరు ఎంత ఉందో ఎకో చూపుతుందే గాని, ఎందుకు చేరిందో చెప్పదు. కారణం క్షయ అని తేలితే, అద్దాల మేడలో పనిచేసే ఉద్యోగికైనా, ఆ మేడను కట్టిన కూలీకైనా చికిత్స ఒకటే: కనీసం ఆరు నెలలు, ఒక్క పూటా తప్పకుండా మందులు వాడటం.